ఎల్లారెడ్డి గెలిపించిన పంతులమ్మ: ఈశ్వరీబాయి యాదిలో



 పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. తీరిక చేసుకొని చివరిదాకా చదవాలని మనవి.

మన ఎల్లారెడ్డి అసెంబ్లీ సీటు నుంచి పాత రోజుల్లో ఎవరెవరు గెలిచిర్రో ఎప్పుడైనా చూసినరా? 1962లో టి.ఎన్. సదాలక్ష్మి. 1967లో జె. ఈశ్వరీబాయి. 1972లో మళ్లీ ఈశ్వరీబాయి. ఆ సభ 1978 దాకా నడిచింది. అంటే వరుసగా పదహారు ఏండ్లు మన ఎల్లారెడ్డి తరఫున అసెంబ్లీలో మాట్లాడింది ఆడవాళ్లే. ఇద్దరూ దళిత మహిళలే. ఇప్పుడు మహిళా రిజర్వేషన్ వస్తదా రాదా అని టీవీల్లో చర్చలు పెడుతున్నరు కదా, మన అడవి అంచు పల్లెలు, తండాలు అరవై ఏండ్ల కిందనే ఆ పని చేసి చూపించినయి. కానీ మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? మేము హాస్టల్లో పది మందిమి కూర్చొని మాట్లాడుకుంటే ఇద్దరికి పేరు తెలుసు, ఆమె ఎవరో ఏం చేసిందో ఒక్కరికీ సరిగ్గా తెలియదు. అందుకే ఈ పోస్టు.

ఈ రోజు ఈశ్వరీబాయి గురించి చెప్తం. ఆమె నాయకురాలు కాకముందు పంతులమ్మ. పంతులమ్మ కాకముందు, బిడ్డను సంకనేసుకొని పుట్టింటికి తిరిగొచ్చిన ఒక ఆడపిల్ల. ఈ మూడు మాటలు గుర్తు పెట్టుకుంటే ఆమె జీవితం మొత్తం అర్థమైతది.

చిలకలగూడ పిల్ల

ఆమె పుట్టింది 1918 డిసెంబర్ 1న, సికింద్రాబాద్ చిలకలగూడలో. రైల్వే నౌకరీ మీద బతికే కుటుంబం. సికింద్రాబాద్ స్టేషన్ పక్కన ఉన్న ఆ బస్తీల్లో దళిత కుటుంబాలకు నిజాం రైల్వే, ఇంగ్లీషోళ్ల కంటోన్మెంట్ రెండూ బతుకుదెరువు ఇచ్చినయి. ఊర్లల్ల దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకొని నడవాల్సిన కాలంల, పట్నంల నెల జీతం వచ్చే పని దొరికితే ఆ ఇంటి పిల్లలకు బడి అనే మాట వినపడేది. మన తండాలకు ఆ పట్నం లేదు, ఆ రైలు పని లేదు. ఒక్క తరం ముందు వాళ్లకు చదువు అందడానికి, మనకు అందకపోవడానికి పెద్ద కారణం ఇదే. తెలివిలో తేడా ఏం లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. హైదరాబాద్‌ల భాగ్యరెడ్డి వర్మ (1888–1939) అనే పెద్దాయన అప్పటికే దళిత పిల్లల కోసం బడులు పెట్టడం మొదలుపెట్టిండు. రాజ్యంల సర్కారు చదువు ఉర్దూలో నడుస్తుంటే ఆయన బడులు తెలుగులో నడిచినయి. ఒక్కటి కాదు, ఇరవైకి పైగా బడులు. ఎవరో వచ్చి మనకు చదువు చెప్తరని ఎదురుచూడకుండా, మన వాడకట్టులో మనమే బడి పెట్టుకుందాం అనే ఆలోచన జంటనగరాల్లో అప్పుడే పుట్టింది. ఈశ్వరీబాయి పెరిగింది ఆ గాలిలోనే. ముందు ఎస్పీజీ మిషన్ స్కూల్ల, తర్వాత సికింద్రాబాద్ కీస్ హైస్కూల్ల చదివింది. 1920లు, 30లల్ల ఒక దళిత ఆడపిల్ల హైస్కూల్ మెట్లు ఎక్కడం ఎంత అరుదో వేరే చెప్పాల్సిన పని లేదు.

అయినా చదువుకున్న ఇంట్ల కూడా ఆ కాలపు ఆనవాయితీ ఆగలేదు. చిన్న వయసులోనే పెండ్లి చేసిర్రు. భర్త జెట్టి లక్ష్మీనారాయణ, పూణేలో పండ్ల డాక్టరు. ఆ కాపురం నిలబడలేదు. కూతురు గీతను తీసుకొని ఆమె చిలకలగూడకు తిరిగొచ్చింది.

ఇక్కడ మనం కొంచెం ఆగాలె. మన తండాల్లో మొగుడితో పొసగక పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను ఏమంటరో మనందరికీ తెలుసు. ఆమె వంట దగ్గర మెల్లగ మాట్లాడాలె, పండుగ నాడు వెనక నిలబడాలె, పెద్దమనుషుల పంచాయతీలో ఆమె గురించి అందరూ మాట్లాడతరు గానీ ఆమెను మాట్లాడనియ్యరు. అప్పటి బస్తీల్లో కూడా ఇంతకంటే మంచిగా ఏం ఉండి ఉండదు. ఈశ్వరీబాయి చేసింది ఏందంటే, ఆ తిరిగి రావడాన్నే మొదలు చేసుకుంది. సికింద్రాబాద్‌ల పరోపకారిణి స్కూల్ల టీచర్‌గా చేరింది. తన జీతం తను తెచ్చుకుంది. బిడ్డను తనే సాకింది. ఎవరి జాలి మీదా బతకలేదు.

ఇంటి నుంచి బడి, బడి నుంచి బస్తీ

టీచర్ నౌకరీ చేసుకుంటూ ఉండిపోతే ఆమె ఇయ్యాల మనకు తెలిసేది కాదు. బడికి వచ్చే పిల్లలు కొందరే, రానోళ్లు ఎక్కువ మంది. వచ్చేవాళ్లకు చెప్పుడు నౌకరీ, రానోళ్ల కోసం తిరుగుడు ఉద్యమం. చిలకలగూడలో ఆమె తన కూతురు పేరు మీద గీతా విద్యాలయం అని బడి పెట్టింది. ఒక ఒంటరి తల్లి, తన బిడ్డ పేరు పెట్టి, బస్తీ పిల్లలందరికీ బడి తెరిచింది. ఆ పేరు గురించి మేము చాలా సేపు మాట్లాడుకున్నం. నా బిడ్డకు ఏం కావాలనుకున్ననో అది ఈ గల్లీ పిల్లలందరికీ కావాలె అనే అర్థం మాకు ఆ పేరులోనే కనిపించింది.

పిల్లలతో పాటు పిల్లల తల్లుల గురించి కూడా ఆలోచించింది. బస్తీ ఆడవాళ్లకు కుట్టుపని, చేతిపనులు నేర్పించే ఏర్పాట్లు చేసింది. చేతిల నాలుగు పైసలు ఉన్న తల్లి పిల్లను బడి మాన్పియ్యదు అనేది అనుభవం మీద తెలిసిన మాట. ఇప్పుడు మహిళా సంఘాలు, స్వయం ఉపాధి అని మనం పెద్ద పెద్ద పేర్లు పెట్టి చెప్పుకునేది అదే. బస్తీలో నీళ్లు లేవు, మోరీలు లేవు, దీపాలు లేవు అంటే దరఖాస్తు రాసేది ఎవరు? చదువు వచ్చిన మనిషి. అట్ల పంతులమ్మ దగ్గరికి ముందు పిల్లల కోసం వచ్చినోళ్లు తర్వాత రేషన్ కోసం, ఇంటి పట్టా కోసం, పోలీసోళ్లు పట్టుకపోయిన కొడుకు కోసం కూడా వస్తరు. మన తండాల్లో కూడా అంతే కదా. మొదటి టీచరమ్మ ఉన్న తండాలో ఆమె ఇల్లే తహసీల్ ఆఫీసు, ఆమె ఇల్లే పోస్టాఫీసు.

నిజాం పాలన పోయినంక 1951లో మునిసిపల్ ఎన్నికలు వచ్చినయి. ఆమె చిలకలగూడ నుంచి నిలబడి కౌన్సిలర్‌గా గెలిచింది. ఓట్లేసింది ఆ బస్తీ వాళ్లే, ఆమె దగ్గర చదువుకున్న పిల్లల తల్లిదండ్రులే.

రాజకీయంగా ఆమె అంబేద్కర్ దారిలో నడిచింది. 1942లో నాగపూర్‌ల పుట్టిన షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్‌లో, 1957లో ఆ ఫెడరేషన్ స్థానంలో వచ్చిన రిపబ్లికన్ పార్టీలో పనిచేసింది. ఇది చిన్న విషయం కాదు. అప్పుడు కాంగ్రెస్ అంటే గాలి, నీళ్లు లెక్క. పదవి కావాలంటే, కాంట్రాక్టు కావాలంటే, ఇంట్ల ఒకరికి నౌకరీ కావాలంటే అందరూ ఆ పార్టీ గుమ్మం ముందే నిలబడేటోళ్లు. అసలు గెలుస్తదో లేదో తెలియని చిన్న పార్టీలో, డబ్బు లేని పార్టీలో, ఒంటరి ఆడమనిషి నిలబడ్డది.

చిలకలగూడ నుంచి ఎల్లారెడ్డికి

మరి సికింద్రాబాద్ పంతులమ్మ వంద కిలోమీటర్లకు పైగా దూరం ఉన్న ఎల్లారెడ్డికి ఎట్ల వచ్చింది? దీనికి జవాబు తెలియాలంటే రిజర్వుడు సీటు ఎట్ల పనిచేస్తదో తెలియాలె. అప్పుడు ఎల్లారెడ్డి ఎస్సీ రిజర్వుడు సీటు, నిజామాబాద్ జిల్లాలో ఒక తాలూకా. రిజర్వుడు సీటులో పోటీ చేసేది ఎస్సీలే, ఓటు వేసేది మాత్రం అందరూ. అంటే దళితవాడ ఓట్లతోటే గెలవడం కుదరదు. రెడ్ల ఓటు, ముదిరాజుల ఓటు, గొల్ల కుర్మల ఓటు, ముస్లింల ఓటు, మన తండాల ఓటు అన్నీ కలవాలె. అందుకే రిజర్వుడు సీట్లల్ల చాలాసార్లు పెద్దోళ్లకు నచ్చిన మెత్తటి మనిషికే టికెట్ దక్కేది. గట్టిగా మాట్లాడే దళిత అభ్యర్థి, అదీ అంబేద్కర్ పార్టీ మనిషి గెలవడం చాలా కష్టం.

పైగా ఎదుట ఉన్నది మామూలు మనిషి కాదు. టి.ఎన్. సదాలక్ష్మి. సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో పాకీపని చేసే మెహతర్ కుటుంబంలో పుట్టి, చదువుకొని, ఎమ్మెల్యే అయి, 1960 నుంచి 62 దాకా ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ డిప్యూటీ స్పీకర్‌గా, తర్వాత మంత్రిగా కూడా పనిచేసిన ధీర. 1967లో ఆమె కాంగ్రెస్ తరఫున, ఈశ్వరీబాయి రిపబ్లికన్ పార్టీ తరఫున. రెండు వైపులా జంటనగరాల బస్తీల నుంచి వచ్చిన చదువుకున్న దళిత మహిళలే. మన ఎల్లారెడ్డి వాళ్లు ఈశ్వరీబాయిని గెలిపించిర్రు.

ఆ రోజు ఓటేసిన వాళ్లు ఎవరు? మన తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు. లింగంపేట, గాంధారి, నాగిరెడ్డిపేట దిక్కు తండాల నుంచి ఎడ్లబండ్ల మీద, కాలినడకన పోయి గుర్తు చూసి ముద్ర వేసినోళ్లు. 1961 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద గిరిజన మహిళల్లో చదవను రాయను వచ్చినోళ్లు 3.16 శాతం. 1971లో, అంటే ఈశ్వరీబాయి మన ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు, 4.85 శాతం. వంద మంది ఆడవాళ్లల్ల ఐదుగురు కూడా లేరు. ఆ లెక్క పక్కన పెట్టుకొని చూస్తే అర్థమైతది, పేరు చదవడం రాని మన నాయనమ్మలు ఉన్న తాలూకా నుంచి ఒక పంతులమ్మ అసెంబ్లీకి పోయింది. ఆ ఓటు పెట్టెలో ఎవరి ఓటు ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. కానీ ఆమె ఎవరి ఎమ్మెల్యే అంటే, చట్టం ప్రకారం మన తండాల ఎమ్మెల్యే కూడా.

సభలో పంతులమ్మ గొంతు

టీచర్లకు ఒక అలవాటు ఉంటది. జవాబు వచ్చేదాకా ప్రశ్న వదలరు. అసెంబ్లీలో ఈశ్వరీబాయికి వచ్చిన పేరు కూడా అదే. చిన్న పార్టీ, వెనక గుంపు లేదు, అయినా లేచి నిలబడితే మంత్రులు కాగితాలు సర్దుకునేటోళ్లని పెద్దలు చెప్తరు.

1968 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుడిని దొంగతనం చేసిండని స్తంభానికి కట్టేసి సజీవంగా కాల్చి చంపిర్రు. కారంచేడు కంటే పదిహేడేండ్ల ముందు, చుండూరు కంటే ఇరవై మూడేండ్ల ముందు. అప్పటికి అట్రాసిటీ చట్టం లేదు, అది 1989లో వచ్చింది. పేపర్లల్ల నాలుగు రోజులు వచ్చి పోయే వార్త కావాల్సింది. సభలో దాన్ని వదలకుండా పట్టుకున్నోళ్లల్ల ఈశ్వరీబాయి ముందుంది. ఆ సమయంలో ఒక మంత్రి దళితులను కించపరిచే మాట అన్నడని, ఆమె సభలోనే చెప్పు చూపించిందని ఇప్పటికీ చెప్పుకుంటరు. ఆ ముచ్చట విన్నప్పుడు మన పోరగాళ్లు చప్పట్లు కొడతరు, కొట్టాలె కూడా. కానీ మేము దాని వెనక ఇంకోటి చూస్తున్నం. చనిపోయింది ఎల్లారెడ్డి మనిషి కాదు. ఆమె బంధువు కాదు. తెలంగాణ వాడు కూడా కాదు. అయినా ఆమె నా పిల్లగాడు అన్నట్టే నిలబడ్డది. క్లాసులో ఉన్న ప్రతి పిల్ల బాధ్యత నాదే అనుకున్న టీచర్ అసెంబ్లీకి పోతే అట్లనే ఉంటది.

1969

1969 జనవరిలో తెలంగాణ ఉద్యమం అంటుకుంది. ముల్కీ నౌకర్లు, మిగులు నిధులు, పెద్దమనుషుల ఒప్పందం అన్నీ కాగితం మీదనే మిగిలినయని విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చిర్రు. మన వయసోళ్లే. కాల్పుల్లో చచ్చిపోయింది కూడా ఎక్కువగా మన వయసోళ్లే. ఈశ్వరీబాయి తెలంగాణ ప్రజా సమితిలో ముందు వరుసలో నిలబడ్డది, జైలుకు పోయింది. ఇక్కడ ఇంకో మాట చెప్పాలె. రెండేండ్ల కింద ఎల్లారెడ్డిలో ఆమె చేతిల ఓడిపోయిన సదాలక్ష్మి కూడా ఇదే ఉద్యమంలో, ఇదే జెండా కింద నిలబడ్డది. ఎన్నికలో కొట్లాడుకున్న ఇద్దరు ఆడవాళ్లు పోరాటంలో ఒక్క దిక్కు నడిచిర్రు. ఇప్పుడు సర్పంచ్ ఎన్నికల్లో ఓడిపోయినోళ్లు గెలిచినోళ్ల గడప తొక్కని తండాలు మనకు ఎన్ని తెలుసో లెక్క పెట్టుకోండ్రి.

1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 సీట్లల్ల 10 గెలిచింది. జనం అంత స్పష్టంగా చెప్పినంక కూడా అదే ఏడు పార్టీ పెద్దలు పోయి కాంగ్రెస్‌ల కలిపేసిర్రు. ఈశ్వరీబాయి కలవలేదు. కలిసిపోతే ఏమన్నా పదవి దక్కేదేమో. 1972లో సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి పేరు మీద ఆమె మళ్లీ ఎల్లారెడ్డిలో నిలబడ్డది. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చింది ఒక్కటే సీటు. ఆ ఒక్కటి మన ఎల్లారెడ్డి. తెలంగాణ కావాలన్న మాటను పెద్ద పెద్ద నాయకులు జేబులో పెట్టుకున్న రోజున, దాన్ని బతికించింది ఒక పంతులమ్మ, ఆమెకు ఓటేసిన మన తాలూకా. 2014 జూన్ 2 గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలె కదా.

మన తండాలకు ఆమె ఏం చేసింది?

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతరు. అడగాలె కూడా. గొప్పలు చెప్పుకోకుండా ఉన్నది ఉన్నట్టు చెప్తం.

ఆమె ఎల్లారెడ్డి ఎమ్మెల్యేగా ఉన్న కాలం దాదాపు మొత్తం మన లంబాడీలు తెలంగాణలో ఎస్టీలు కారు. ఈ తరం పిల్లలకు ఇది ఆశ్చర్యం అనిపిస్తది. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు, లంబాడీలు ఎస్టీ జాబితాలో ఉండిర్రు. అదే రాష్ట్రంలో, అదే భాష మాట్లాడుకుంటూ, అదే సేవాలాల్‌ను మొక్కుకుంటూ తెలంగాణలో ఉన్న మనోళ్లు ఆ జాబితాలో లేరు. పాత హైదరాబాద్ రాష్ట్రం జాబితా వేరు, మద్రాస్ నుంచి వచ్చిన ఆంధ్ర జాబితా వేరు. 1956లో రెండు ప్రాంతాలు కలిసినయి గానీ జాబితాలు కలవలేదు. 1976లో పార్లమెంటు చేసిన ఎస్సీ, ఎస్టీ ఉత్తర్వుల సవరణ చట్టం ఈ ప్రాంతాల తేడాను తీసేసింది. 1977 నుంచి అది అమలులోకి వచ్చింది. ఇయ్యాల మేము కూర్చున్న ఈ హాస్టల్ మంచం, మా స్కాలర్‌షిప్, మా డిగ్రీ సీటు అన్నీ ఆ చట్టం తర్వాత వచ్చినవే.

ఆ చట్టం ఈశ్వరీబాయి తెచ్చిందని మేము చెప్పం. అది ఢిల్లీలో జరిగిన పని, దాని వెనక మన సమాజం పెద్దలు ఎందరో తిరిగిర్రు. ఆ చరిత్ర వేరే పోస్టులో రాసుకుందాం. మేము చెప్పేది వేరు. మనం ఎస్టీ జాబితాలో లేనప్పుడు, మన తాలూకా నుంచి నిలబడ్డ మనిషి బడి విలువ తెలిసిన మనిషి. అణిగిన కులంలో పుట్టిన ఆడపిల్లకు చదువు వస్తే ఎంత దూరం పోతదో మన తాతలకు కళ్లముందు చూపించిన మొదటి మనుషుల్లో ఆమె ఒకతి. రోడ్డు వేసిర్రా, బోరు వేసిర్రా అనే లెక్కలో ఇది కనిపించదు.

ఇంకొందరు అంటరు, ఆమె మనోళ్లు కాదు కదా, ఎస్సీ కదా, గిరిజన విద్యార్థులకు ఆమె జయంతి ఎందుకు అని. దీనికి మా జవాబు ఒక్కటే. కంచికచర్ల కోటేశు ఆమెకు ఏమైతడు? ఏం కాడు. ఆమె అట్ల లెక్క పెట్టుకోలేదు. మనం మాత్రం జాబితా చూసి యాది చేసుకుంటే ఆమె దగ్గర మనం నేర్చుకున్నది ఏమీ లేనట్టే. సావిత్రీబాయి ఫూలే పూణే మనిషి. అయినా ఆమె పుట్టిన జనవరి 3ను తెలంగాణ సర్కారు 2025లో మహిళా ఉపాధ్యాయుల దినంగా ప్రకటించింది. అందరం సంతోషపడ్డం. పూణే పంతులమ్మ మనకు తల్లి అయినప్పుడు, ఎల్లారెడ్డి గెలిపించుకున్న పంతులమ్మ ఎట్ల పరాయిది అయితది?

యాడి

మన గోర్‌బోలీలో యాడి అంటే అమ్మ. కన్నతల్లినే కాదు, ఇంటిని నిలబెట్టిన పెద్ద ఆడమనిషిని కూడా మనం ఆ మాటతోనే మొక్కుతం. ఈశ్వరీబాయి ఇంటికి కూడా అట్లాంటి యాడి.

మగదిక్కు లేని ఇల్లు అని లోకం అనుకునే ఇంటిని ఆమె నడిపింది. బిడ్డ గీతను డాక్టర్ చదివించింది. ఆ గీతే తర్వాత డాక్టర్ జె. గీతారెడ్డి. విదేశాల్లో కూడా డాక్టర్‌గా పనిచేసి తిరిగొచ్చి, 1989లో గజ్వేల్ నుంచి ఎమ్మెల్యేగా గెలిచింది, తర్వాత మంత్రి అయింది. ఏ బిడ్డను సంకనేసుకొని పూణే నుంచి తిరిగొచ్చిందో, ఏ బిడ్డ పేరు మీద బడి పెట్టిందో, ఆ బిడ్డ అసెంబ్లీ మెట్లు ఎక్కడం ఆమె కళ్లారా చూసింది. 1991 ఫిబ్రవరిలో కన్నుమూసింది. సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో ఆమె విగ్రహం ఉంది. ఆమె పేరు మీద నర్సింగ్ కాలేజీ కూడా నడుస్తుంది. మన తండా ఆడపిల్లలకు నర్సింగ్ అంటే ఎంత పెద్ద దారో చెప్పనవసరం లేదు.

1978 నాటికి ఎల్లారెడ్డి జనరల్ సీటు అయింది, జుక్కల్ ఎస్సీ రిజర్వుడు అయింది. ఆ తర్వాత ఆమె మన అసెంబ్లీ సీటుకు తిరిగి రాలేదు. సీటు మారింది, తరాలు మారినయి, 2016లో జిల్లా కూడా మారి నిజామాబాద్ నుంచి కామారెడ్డి అయింది. విగ్రహం సికింద్రాబాద్‌ల మిగిలింది. గెలిపించిన ఎల్లారెడ్డిలో యాది మెల్లగ చెదిరిపోతుంది. ఆ రోజు ఓటేసినోళ్లల్ల ఇంకా బతికున్నోళ్లు ఇప్పుడు ఎనభై దాటిన ముసలోళ్లు.

ఇందులో మన చెల్లెళ్ల కోసం ఒక మాట ఉంది. 2011 లెక్కల్లో దేశంలో గిరిజన మహిళల అక్షరాస్యత 49.4 శాతానికి వచ్చింది. 4.85 నుంచి 49.4 దాకా, నలభై ఏండ్ల నడక. ఇందులో ఎందరో పేరు తెలియని పంతులమ్మల కాళ్లు అరిగిపోయినయి. అయినా మా చుట్టూ ఇప్పటికీ ఇంటర్ రెండో ఏడు సగంలో పుస్తకాలు సర్దుకొని పెండ్లికి పోయే అమ్మాయిలు ఉన్నరు. పెండ్లి చెడి తిరిగొస్తే ఇంకేముంది, అయిపోయింది బతుకు అనుకునేటోళ్లు ఉన్నరు. వాళ్లకు ఈశ్వరీబాయి కథ చెప్పండ్రి. ఆమెకు కూడా చిన్నప్పుడే పెండ్లి అయింది. ఆమె కూడా తిరిగొచ్చింది. ఆ తర్వాతనే పంతులమ్మ అయింది, బడి పెట్టింది, కౌన్సిలర్ అయింది, రెండుసార్లు ఎమ్మెల్యే అయింది. తిరిగొచ్చిన ఆడపిల్లకు మళ్లీ కాలేజీ ఫీజు కట్టే అన్న, మళ్లీ హాస్టల్‌కు తోలే తండ్రి మన తండాలకు కావాలె.

మనం చేయాల్సిన పని

సదాలక్ష్మి జీవితం ఇయ్యాల మనకు ఇంత వివరంగా ఎందుకు తెలుసంటే, గోగు శ్యామల అక్క కూర్చొని, తిరిగి, మాట్లాడి 'నేనే బలాన్ని' అనే పుస్తకం రాసింది కాబట్టి. 2011లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఒక ఆడమనిషి జీవితాన్ని ఇంకో ఆడమనిషి పట్టుకోకపోతే అది కూడా పోయేదే. ఎల్లారెడ్డిలో ఈశ్వరీబాయి యాదిని పట్టుకునే పని మాత్రం ఎల్లారెడ్డి పిల్లలదే.

అందుకే ఒక ప్రతిపాదన. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు, ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి, నాగిరెడ్డిపేట, తాడ్వాయి, సదాశివనగర్ దిక్కు ఉన్న మన సభ్యులు ఇంట్ల పెద్దోళ్లను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగండ్రి. 67లో, 72లో ఓటు వేసిర్రా? ఎక్కడికి పోయి వేసిర్రు, ఎట్ల పోయిర్రు? ఈశ్వరీబాయిని చూసిర్రా, మన తండాకు వచ్చిందా, వస్తే ఎక్కడ కూర్చుంది, ఏ భాషలో మాట్లాడింది? మన తండాలో మొదట బడికి పోయిన ఆడపిల్ల ఎవరు, ఆమెను తోలింది ఎవరు, మాన్పిచ్చింది ఎవరు? ఫోన్ల రికార్డు చేయండ్రి. గోర్‌బోలీలోనే మాట్లాడనీయండ్రి, తెలుగులో మేము రాసుకుంటం. పేరు, వయసు, తండా, తేదీ తప్పకుండా రాసిపెట్టండ్రి. యాది లేదు బేటా అని అంటే కూడా రాసుకోండ్రి, అది కూడా చరిత్రే. ఆమె రాలేదు, మేము చూడలేదు అని చెప్తే అది కూడా దాచకుండా రాద్దాం. పొగడ్త కోసం కాదు ఈ పని.

డిసెంబర్ 1 ఆమె పుట్టినరోజు. ఆ రోజు దండ వేసి ఫొటో దిగి పోవుడు వద్దు. అప్పటికి మనం ఎన్ని గొంతులు పోగు చేస్తమో అన్నీ ఒక్క దగ్గర పెట్టి చదువుకుందాం. ప్రతి తండా నుంచి మొదట చదువుకున్న ఒక ఆడబిడ్డ పేరు కూడా పక్కన రాద్దాం. ఆ పేర్లల్ల మన అమ్మలు, మన అక్కలు ఉంటరు. కొందరి పేరు పక్కన ఏడో తరగతితో ఆగింది అని ఉంటది, అట్లనే రాద్దాం.

మన ముసలోళ్లు ఒక్కొక్కరే పోతున్నరు. ఈ ఎండాకాలం అడగకపోతే వచ్చే ఎండాకాలం అడగడానికి మనిషి ఉండకపోవచ్చు. ఎవరు ఏ తండాకు పోతరో పేరు ఇయ్యండ్రి, పని పంచుకుందాం.

జై సేవాలాల్. జై భీమ్. చదువే మన జాగీరు.

– మీ హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు